మ్యూనిక్ కాదనుకుని లైప్‌జిగ్ ఎందుకు ఎంచుకున్నాం: పిల్లలతో ఒక ప్రయాణం

మా ఆయన పనిచేసే కంపెనీకి జర్మనీలో మూడు చోట్ల కార్యాలయాలున్నాయి: మ్యూనిక్, బెర్లిన్, లైప్‌జిగ్. ఏ ఊరు కావాలో జూలై లోపు మీరే చెప్పండి అన్నారు. కర్నూలులో ఎవరిని అడిగినా మ్యూనిక్ అన్నారు. ఎందుకని అడిగితే ఒకరు జీతం అన్నారు, ఒకరు ఆల్ప్స్ కొండలు అన్నారు. నాలుగున్నరేళ్ల పాప, ఏడాదిన్నర బాబు ఉన్న మా ఇంటికి ఆ రెండూ చాలే కారణాలుగా నాకు అనిపించలేదు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఊళ్లో మా సంసారం ఎలా నడుస్తుందో కళ్లారా చూడాలనుకుని 2025 జూన్‌లో సొంత ఖర్చుతో బయలుదేరాం. ఆదోనిలో చాలాకాలం పత్తి వ్యాపారం చేసిన మామగారు కూడా వచ్చారు. మనవలు ఎక్కడ పెరగబోతున్నారో చూడనిదే పంపనని ఆయన పట్టుబట్టారు.

ముందుగా వీసా సంగతి, ఎందుకంటే అక్కడే మా జేబుకు చిల్లు పడింది. జర్మనీతో పాటు చాలా ఐరోపా దేశాల పర్యటనకు చెల్లే షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు. ఆరేళ్లు నిండని పిల్లలకు రుసుమే లేదు. కర్నూలులో మేము వెళ్లిన ఏజెంటు మాత్రం ఐదుగురికీ ఒకే లెక్కన మనిషికి 9,000 రూపాయల వీసా రుసుము, ఆపైన తన కమిషను వేరుగా తీసుకున్నాడు. హైదరాబాద్ దరఖాస్తు కేంద్రంలో ఇచ్చిన రసీదుల్లో పిల్లల పేరిట కేంద్రం సేవా రుసుము ఒక్కటే ఉంది. మర్నాడే ఆ రసీదులు తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టాను. "అది ఫైలు ఖర్చు మేడమ్" అన్నాడు. ఏ ఫైలు, ఎక్కడ ఖర్చు, కాగితం చూపించమని అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నానికి 12,000 తిరిగి ఇచ్చాడు. మిగతా 6,000 ఇప్పటికీ రాలేదు. దయచేసి దరఖాస్తు మీరే నింపుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు మంజూరు లేఖ, బస వివరాలు, 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా: ఇలాంటివే అడుగుతారు. ఇంటర్మీడియట్ పిల్లలకు అడ్మిషన్ ఫారాలు నింపిపెట్టే ఏ లెక్చరరైనా చేయగల పని అది, నేను చేసేది ఆ ఉద్యోగమే.

కర్నూలు నుంచి శంషాబాద్‌కు కారు 5,500. విమానం సుఖంగా సాగింది, బాబు దారి పొడవునా నిద్రపోయాడు.

మ్యూనిక్‌లో దిగింది ఆదివారం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని తెలుసు. మర్నాడు పెంతెకొస్తు సోమవారం, అదీ సెలవే. రెండు రోజులు పాలు, రొట్టె, అరటిపండ్లు అన్నీ పెద్ద రైల్వేస్టేషన్ లోపలి దుకాణంలోనే కొన్నాం. పసిపిల్లలతో వెళ్లేవాళ్లు క్యాలెండర్ చూసుకుని మంగళవారం దిగేలా టికెట్ తీసుకుంటే మంచిది.

ఇక ఆ బస. రాత్రికి 165 యూరోలు, అంటే 16,000 రూపాయల పైమాటే. శుభ్రం చేసినందుకు మరో 120, ధరావతు 300. ప్రకటనలో లిఫ్టు ఉందని రాశారు. లిఫ్టు ఉన్నది పక్క భవనంలో. మాది నాలుగో అంతస్తు. మోకాళ్ల నొప్పితో మామగారు ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంటుంటే మా ఆయన మొహం చూడలేకపోయాను. వంటగదిలో రెండే గిన్నెలు. బయట తిండి పిల్లలకు పడక ఉప్మా, చారు, అన్నం చేసుకున్నాం. పోపు వేసేటప్పుడు కిటికీ తెరిచే ఉంచాను.

ఖాళీ చేసే రోజు ఇంటి యజమాని తరఫున ఒకాయన వచ్చాడు. పలకరింపు లేదు. నేరుగా వంటగదిలోకి వెళ్లి పొయ్యి మీద వేలు రాసి చూసుకున్నాడు. చెంచాలు లెక్కపెట్టాడు, సరిపోయాయి. తర్వాత పడకగదిలోకి వెళ్లి తెర అంచు రెండు చేతులతో ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూశాడు. పాప నా వెనక్కి చేరి "అమ్మా, ఏం చేస్తున్నాడు?" అని అడిగింది. ఆయన ఫోనులో ఏదో టైపు చేసి నాకు చూపించాడు: వాసన పోగొట్టేందుకు 150 యూరోలు, ధరావతులో మినహాయింపు. ఒప్పందంలో వంట చేయకూడదని ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పాను, రెండోసారి గట్టిగా చెప్పాను. ఆయన తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు. మామగారికి విషయం అర్థమై, కిందికి వచ్చేదాకా మాట్లాడలేదు. ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు మాత్రం "మనం తిన్న అన్నానికి జరిమానా కట్టించుకున్నాడమ్మా" అన్నారు. ఆ డబ్బు కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. వదిలిపెట్టను.

ఊరి మీద కోపం ఒక్క బసతో వచ్చింది కాదు. మ్యూనిక్‌లో మేము చూసిన రెండు పడకగదుల ఇంటికి నెలకు 1,850 యూరోలు చెప్పారు. ప్రకటనలో కనిపించే అద్దెలో రేడియేటర్ వేడి, నీళ్లు, మెట్లు ఊడ్చే ఖర్చు కలవవు. అవి కలిపితే రెండు వేలు దాటుతుంది. ధరావతు చట్టప్రకారం మూడు నెలల మూల అద్దెకు మించకూడదు గానీ మూడు నెలలంటేనే ఐదున్నర లక్షలకు దగ్గర. పైగా ఆ ఇంట్లో వంటగదే లేదు: గోడకు కుళాయి గొట్టం, కింద ఖాళీ నేల. సింకు, అల్మారాలు, పొయ్యి అద్దెకు దిగినవాళ్లే పెట్టుకోవాలట. జర్మనీలో చాలా ఇళ్లు ఇంతేనని తర్వాత తెలిసింది.

అన్నిటికంటే ముఖ్యం, కీటాలు. పిల్లల్ని పగలంతా చూసుకునే బడులు అవి. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అందులో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. కానీ హక్కు వేరు, చోటు వేరు. మ్యూనిక్‌లో మేము అడిగిన ప్రతి చోటా వచ్చే ఏడాది సెప్టెంబరు మాట చెప్పారు. అక్కడ బడి ఆరేళ్లకు మొదలవుతుంది, చదువంతా జర్మన్‌లోనే. పాపకు భాష అబ్బేది కీటాలోనే. ఏడాది ఇంట్లో కూర్చుంటే బడిలో మొదటి రోజే అది నోరు విప్పలేదు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

బెర్లిన్ బాగుంది. 2018 నుంచి కీటాకు ఫీజు లేదు, భోజనానికి నెలకు 23 యూరోలు కడితే చాలు. బ్రిట్జ్ ప్రాంతంలోని మయూరపతి మురుగన్ ఆలయంలో మామగారు చాలాసేపు కూర్చున్నారు. కానీ ఇల్లు చూడబోతే మాతోపాటు మెట్ల నిండా జనం. అందరి చేతుల్లో జీతం కాగితాలు, అప్పులు ఎగ్గొట్టలేదన్న ధ్రువపత్రాలు. కొత్తగా దేశంలో అడుగుపెట్టే కుటుంబం ఆ వరుసలో నెగ్గడం కష్టం.

లైప్‌జిగ్‌కు రైల్లో గంటా పావు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, పసిపిల్లల కోసం తలుపున్న ప్రత్యేక గది ఒకటి పెట్టెలోనే ఉంటుంది, ముందే సీటు కేటాయించుకోండి. బస రాత్రికి 78 యూరోలు, మొదటి అంతస్తు, అన్నీ ఉన్న వంటగది. అక్కడ మాకు పేచీ రాలేదు. ట్రామ్‌లకు మేము వెళ్లగానే తీసుకున్న 58 యూరోల నెల టికెట్టే సరిపోయింది. దేశమంతా ఊరి బస్సులు, ట్రామ్‌లు, ప్రాంతీయ రైళ్లలో అది చెల్లుతుంది. అయితే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చెప్పకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది.

ఇక్కడి కీటా పెద్దావిడ మమ్మల్ని ఫోనులో వదిలించుకోలేదు, ఉదయం తొమ్మిదికి రమ్మంది. గుమ్మం పక్కన పిల్లల ఎత్తులో కొక్కేలు, ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ. పాపకు ముళ్లపంది బొమ్మ ఉన్న ఖాళీ కొక్కెం చూపించి, చొక్కా అక్కడ తగిలించమంది. బయట తుంపర పడుతున్నా పిల్లలు రబ్బరు పంట్లాములు వేసుకుని ఇసుకలో గోతులు తవ్వుతున్నారు. జలుబు చేయదా అని మామగారు అడిగారు. పొడి బట్టలు లోపల ఉన్నాయని ఆవిడ నవ్వింది. భోజనం వేళ నాలుగేళ్ల పిల్లలే పళ్లాలు సర్దారు. మా పాప చిన్న గాజు జగ్గు రెండు చేతులతో పట్టుకుని పక్కనున్న అబ్బాయికి నీళ్లు పోసింది. కాసిని ఒలికాయి. ఎవరూ అరవలేదు, దాని చేతికే గుడ్డ ఇచ్చారు. ఇంట్లో నీళ్లు తాగించమని నా వెంట పడే పిల్ల అది. ఆవిడ ఒక కార్డు తీసి మాంసం తింటుందా, గుడ్డు తింటుందా అని రాసుకుని, సెప్టెంబరులో ఇద్దరికీ చోటు ఉందని చెప్పింది.

ఆ సాయంత్రం ప్లాగ్‌విట్జ్ వైపు వెళ్లాం. అక్కడ 1884లో పెట్టిన పత్తి నూలు మిల్లు ఉంది. ఒకప్పుడు ఐరోపా ఖండంలోనే అతి పెద్దదని పేరు. ఇప్పుడు చిత్రకారుల గదులు, ప్రదర్శనశాలలు. ఎర్ర ఇటుక గోడల మధ్య పాత రైలు పట్టాలు అలాగే ఉన్నాయి. మామగారు పట్టాల వెంట నడుస్తూ, బేళ్లు ఎక్కడ దించేవారో, దూది దుమ్ము పోవడానికి కిటికీలు ఎందుకు అంత పెట్టారో మా ఆయనకు వివరించారు. మ్యూనిక్ నుంచి ముభావంగా ఉన్న మనిషి ఆదోని మార్కెట్ యార్డులో ఉన్నంత హుషారుగా మాట్లాడారు. దగ్గర్లోని చిన్న భోజనశాలలో తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, క్వార్క్ అనే గట్టి పెరుగు, మీద అవిసె నూనె పెట్టారు. మనిషికి 8 యూరోల 50 సెంట్లు. మామగారు సంచిలోంచి వేరుశనగ పొడి తీసి చల్లుకున్నారు. పరదేశంలో నేను తిన్న భోజనాల్లో అదే మేలైనది, ఆ పొడితోనే చెబుతున్నాను.

కరివేపాకు, పచ్చిమిర్చి, బెండకాయలు వియత్నాం వాళ్ల దుకాణంలో దొరికాయి. తూర్పు జర్మనీ కాలంలో కర్మాగారాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి అద్దె సంగతి: 80 చదరపు మీటర్లు, ట్రామ్‌కు నాలుగు నిమిషాల నడక, వంటగది సామానుతో సహా ఉన్న ఇంటికి 840 యూరోలు, వేడి ఖర్చులతో కలిపి 1,060. మ్యూనిక్‌లో జీతం నెలకు 400 ఎక్కువ ఇస్తామన్నారు. అద్దె తేడాయే అంతకు రెండింతలు దాటింది. ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యం 2025లో బిడ్డకు నెలకు 255 యూరోలు ఉండేది, అది ఏ ఊళ్లోనైనా ఒకటే. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరితే సంపాదన లేని భార్యకు, పిల్లలకు వేరే ప్రీమియం లేదు.

నాకు మిగిలిన దిగులు చలికాలం. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. వీలున్నవాళ్లు జూన్‌లో కాకుండా నవంబరులో వెళ్లి చూడండి. నా ఉద్యోగం సంగతి కూడా తేలాలి. బ్లూ కార్డు అంటే పెద్ద చదువుల విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి. అది ఉన్నవాళ్ల భార్యకు పనిచేసే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది, కానీ లెక్కలు చెప్పడానికి జర్మన్ రావాలి. కర్నూలులోనే ఆన్‌లైన్ తరగతులు మొదలుపెట్టాను.

మా ఆయన ఆగస్టులో ముందు వెళతారు. మొదటి నెలల బస చూసుకునేవాళ్లు యజమానిని ఒక్కటి అడిగి తీరాలి: ఇంట్లో చేరినట్టు సంతకం చేసిన కాగితం ఇస్తారా అని. చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, ఆ కాగితం లేకుండా నమోదు కాదు. నమోదు లేకపోతే పన్ను సంఖ్య రాదు, బ్యాంకు ఖాతా కష్టం. మ్యూనిక్ ఇంటాయన ఇవ్వనన్నాడు. లైప్‌జిగ్ ఇంటావిడ అడగకముందే ఇస్తానంది.