కుండీ మొక్కకు ఏ నీళ్ళు మేలు: కుళాయివా, బోరువా, ఆర్‌ఓవా, వానవా?

ఆకుల కొనలు మాడిపోతుంటే ఎరువు మారుస్తాం, కుండీ మారుస్తాం, కిటికీ మారుస్తాం. నీళ్ళ మీదికి మాత్రం అనుమానం పోదు. ఆరుబయట నేలలో పేరుకున్న ఉప్పును (నీటిలో కరిగే లవణాలన్నిటినీ ఇక్కడ ఉప్పే అందాం) పెద్ద వాన కిందికి కడిగేస్తుంది. ఇంట్లోని కుండీకి ఆ వాన లేదు. పోసిన నీళ్ళను మొక్క తాగుతుంది, కొంత ఆవిరవుతుంది, కరిగి ఉన్న ఉప్పులో ఎక్కువ భాగం మట్టిలోనే మిగులుతుంది. అందుకే ఎంచుకునేటప్పుడు ఏ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నదానికన్నా, ఏవి తక్కువ ఉప్పు మిగులుస్తాయన్నది ముఖ్యం. చిన్న టీడీఎస్ మీటరు ఒకటి ఉంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది. నీటిలో కరిగిన ఉప్పు మొత్తం, అంటే టీడీఎస్, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది చెబుతుంది. అది ఏ ఉప్పో మాత్రం చెప్పదు.

కుళాయి నీళ్ళ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ క్లోరిన్ గురించే. నిజానికి తాగునీటిలో కలిపే మోతాదు చాలా మొక్కలను ఏమీ చేయదు. వెడల్పాటి బకెట్లో 24 గంటలు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. కొన్నిచోట్ల దాని బదులు క్లోరమైన్ వాడతారు, అది అలా పోదు. అయినా రాత్రంతా నిలవ ఉంచడం మంచి అలవాటే, నీళ్ళు గది వేడికి వస్తాయి. చల్లటి నీళ్ళు ఆకు మీద పడితే ఆఫ్రికన్ వయొలెట్‌కు మచ్చలు పడతాయి. అసలు చూడాల్సింది ఫ్లోరైడ్. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా దానికి తొందరగా లొంగుతాయి, కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి. నిలవ ఉంచినా ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే నీరు తగ్గి దాని గాఢత ఇంకాస్త పెరుగుతుంది.

బోరు నీళ్ళతో వచ్చే చిక్కు వేరు. వాటిలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఎక్కువ. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతోందంటే అవే. ఆ పొర గీకేస్తే పోతుంది, పెద్ద నష్టమేమీ లేదు. నష్టం కనిపించని చోట జరుగుతుంది: బైకార్బొనేట్ నెలల తరబడి మట్టి పీహెచ్‌ను, అంటే మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకెను, పైకి నెడుతుంది. పీహెచ్ 7 దాటాక మట్టిలో ఇనుము ఉన్నా వేరు సరిగా తీసుకోలేదు. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వస్తాయి. అది చూసి ఎరువు పెంచితే ఉప్పు ఇంకా పెరుగుతుంది, అంతే. నిమ్మరసం పిండితే బైకార్బొనేట్ కొంత విరుగుతుంది గానీ ఉప్పు మొత్తం తగ్గదు. పైగా చుక్కల లెక్కన కొలవడం కష్టం. మరిగించి చల్లార్చి పైతేట తీసుకుంటే సున్నం కొంత అడుగున దిగుతుంది, సోడియం దిగదు.

బోరు నీళ్ళకు సాఫ్ట్‌నర్ పెట్టించాం కదా, అవి పోయొచ్చా? వద్దు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసేసి ఆ చోట సోడియం పెడుతుంది. సబ్బుకు మంచిదే, వేరుకు కాదు. మొక్కల కోసం సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి. ఆర్‌ఓ వదిలేసే నీళ్ళూ అంతే. పారబోయడానికి మనసొప్పదు గానీ, వడకట్టిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. నేల తుడవడానికి వాడుకోండి.

ఇక ఆర్‌ఓ, వాన నీళ్ళ మధ్య ఎంచుకోవాలంటే వాననీటికే ఓటు. ఉప్పు దాదాపు లేదు, కొద్దిగా ఆమ్లం. కప్పు మీద పడే మొదటి వాన మాత్రం పట్టొద్దు, దుమ్మూ రెట్టా దాంతో వస్తాయి. నిలవ పాత్రకు దోమలు దూరకుండా సన్నని వల బిగించండి. ఆర్‌ఓ నీళ్ళు ఏడాదంతా దొరుకుతాయి. కానీ వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి ఆ రెండూ ఉన్న ద్రవ ఎరువు పల్చగా ఇవ్వాలి. వీనస్ ఫ్లైట్రాప్ లాంటి పురుగులు తినే మొక్కలకు ఆ ఎరువు కూడా వద్దు, వాటి నీటి టీడీఎస్ 50 లోపే ఉండాలి. ఏసీ నుంచి కారే నీళ్ళలోనూ ఉప్పు ఉండదు. కాయిల్ మీది మురికి, లోహం జాడలు కలవొచ్చు కాబట్టి అలంకార మొక్కలకే వాడండి.

చాలా ఇళ్ళకు కలిపి వాడడమే సరిపోతుంది. బోరు టీడీఎస్ 600, ఆర్‌ఓ 30 అనుకుందాం. ఒక లీటరు బోరుకు మూడు లీటర్ల ఆర్‌ఓ కలిపితే 600కు మూడు 30లు కూడి వచ్చిన 690ని 4తో భాగించాలి, అంటే 172 దాకా. 200 లోపుంటే కెలాథియా, ఫెర్న్ లాంటివి హాయిగా ఉంటాయి. కొంచెం సున్నం కూడా అందుతుంది కాబట్టి ఒట్టి ఆర్‌ఓ కన్నా ఇదే నయం. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్‌ల కోసం ఇంత లెక్క అక్కర్లేదు. 400 ఉన్న కుళాయి నీళ్ళతోనూ బతికేస్తాయి.

ఏ నీళ్ళు పోసినా నెలకో రెండు నెలలకో కుండీ కడగాలి. 2 లీటర్ల కుండీకి 4 నుంచి 6 లీటర్లు, ఉన్నవాటిలో తక్కువ టీడీఎస్ నీళ్ళు, ఆగి ఆగి పోసి కింది రంధ్రం గుండా పోనివ్వండి. తెల్లపొరను ముందే గీకి తీసేయండి, లేకపోతే అదే కరిగి మళ్ళీ లోపలికి దిగుతుంది. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు వెంటనే పారబోయండి. కారిన నీటి టీడీఎస్ పోసినదానికన్నా బాగా ఎక్కువగా ఉంటే ఇంకో విడత పోయాలి.