ద్రవ స్ఫటికంలో గాజుతనం చూడాలంటే: ఏరోజెలా, ఏరోసిలా?

ఎల్‌సీడీ తెరల్లో ఉండే ద్రవ స్ఫటికాల అణువులు పుల్లల్లా పొడవుగా ఉంటాయి, కుదిరినంతవరకూ ఒకే దిక్కుకు తిరిగి నిలుస్తాయి. వాటి మధ్య సన్నటి సిలికా వల ఉంటే, వలలోని ప్రతి పోగూ దగ్గరున్న అణువుల్ని తనకు నచ్చినట్టు తిప్పుకుంటుంది. ఇలాంటి తీరూతెన్నూ లేని లాగుడు ఎంత బలహీనమైనా సరే, పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతల్లో దూరం దాకా ఒకే వరుస నిలవదని 1975లో యోసెఫ్ ఇమ్రీ, షాంగ్-కెంగ్ మా అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. మిగిలేవి తలో దిక్కు చూసే చిన్న చిన్న ప్రాంతాలే. అవి సర్దుకోవడానికి పట్టే సమయం విపరీతంగా సాగిపోతుంది. గాజుతనం అంటున్నది దీన్నే.

ఆ వలను ఏరోజెల్‌తో పెట్టొచ్చు, ఏరోసిల్‌తోనూ పెట్టొచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నా తీరు వేరు.

ఏరోజెల్‌లో సిలికా పోగులు రసాయనికంగా అతుక్కుని ఉంటాయి. తొంభై శాతానికి పైగా ఖాళీ ఉన్నా వల మాత్రం కదలదు. 1990లలో 8సీబీ అనే ద్రవ స్ఫటికాన్ని అందులో నింపి కాంతి పరిక్షేపణం (కాంతి చెదిరే తీరు) కొలిస్తే, అణువుల సర్దుబాటు ఒక్క కాలవ్యవధికి లొంగలేదు. ఒక్కో మెట్టుకూ కాలం పదింతలయ్యే లాగరిథమ్ స్కేలు మీద గీస్తే తప్ప ఆ సాగుడు కనపడదు. ఇబ్బందల్లా పెళుసుతనం. వలను మరీ పలచన చేస్తే చేతిలోనే పొడైపోతుంది, అందుకే బలహీనమైన అక్రమతను, అంటే వల తెచ్చే క్రమం లేనితనాన్ని, దీనితో చూడటం కష్టం.

ఏరోసిల్ సుమారు 7 నానోమీటర్ల సిలికా రేణువుల పొడి. పెయింట్లు చిక్కబడటానికి వాడేది కూడా ఇలాంటి పొడినే, కాబట్టి ఖరీదూ తక్కువ. ద్రవ స్ఫటికంలో కలిపితే రేణువులు హైడ్రోజన్ బంధాలతో తమకు తామే వల అల్లుకుంటాయి. ఎంత పొడి వేస్తే అంత అక్రమత. దశ మార్పులు (వేడిని బట్టి అణువులు ఒక అమరిక నుంచి మరో అమరికకు మారడం) ఎలా చెదురుతాయో మెట్టుమెట్టుగా చూడాలంటే ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

కానీ ఆ బంధాలు తెగుతాయి, మళ్లీ అతుక్కుంటాయి. విద్యుత్ క్షేత్రం ఇస్తే పాలలా ఉన్న నమూనా తేటపడి, క్షేత్రం తీసేశాక కూడా తేటగానే ఉండిపోతుంది. డిస్‌ప్లేలు చేయాలనుకున్నవాళ్లకు ఇది వరమే. గాజుతనం కొలిచేవాడికి మాత్రం టెన్షన్: నెమ్మదిగా కదులుతున్నది ద్రవ స్ఫటికమా, వలేనా?

అందుకే కాలంతో పాటు సాగే నెమ్మదితనమే ప్రశ్న అయితే నా ఓటు ఏరోజెల్‌కే. దశ మార్పుల కోసమైతే ఏరోసిల్ చాలు. నెమ్మదితనాన్ని కూడా ఏరోసిల్‌తోనే కొలవక తప్పకపోతే, ఘన సెంటీమీటరు ద్రవ స్ఫటికానికి 0.1 గ్రాము దాటి పొడి వేయాలి. అంతకు తక్కువైతే జెల్ మెత్తగా ఉండి వల కదులుతుంది.