"వినయం పెంచే" మోకాళ్ళ పీట: ఆరు నెలలు వాడాక

పీట మంచిదే, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. మోకాళ్ళు అరిగినా మోకరించడం మానలేని నాలాంటివాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కాకపోతే పెట్టె మీద రెండు మాటలు అచ్చేశారు: "మోకాళ్ళకు హాయి, దేవుని సన్నిధిలో వినయం." మొదటిదానికి నేను పూచీ. రెండోదాని గురించే కాస్త ఎక్కువ రాయాలి.

నాకు అరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళకు పైగా తెల్లవారుజామున గచ్చు మీదే మోకాళ్ళ ప్రార్థన. రెండు మోకాళ్ళ మీదా నల్లగా కాయలు కాశాయి. డాక్టరు వాటిని నొక్కి చూసి "ఏం పని చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "ప్రార్థనండీ" అని చెప్పడానికి ఎంత హుషారు వచ్చిందో! కీళ్ళు అరిగాయని, గట్టి నేల మీద మోకరించవద్దని ఆయన చెప్పినప్పుడు నాకు మొదట దిగులేసింది కీళ్ళ గురించి కాదు. కాయలు పోతాయేమోనని. ఆ సంగతి అప్పుడు నవ్వుకుని వదిలేశాను.

ఇక పీట. దీని మీద మోకాళ్ళు పెట్టరు. మోకాళ్ళు, పిక్కలు నేల మీదే ఉంటాయి. పీట వాటి పైనుంచి వంతెనలా వస్తుంది, మనం దాని మీద కూర్చుంటాం. బరువు మడమల మీద పడదు. చెక్క ముందుకు కొద్దిగా వాలి ఉంటుంది. ఎత్తు ఎక్కువున్న వైపు వెనక్కి రావాలి. కాగితం మీద బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేకపోవడంతో వారం రోజులు తిరగేసి వాడాను, నడుము పట్టేసింది. కింద దుప్పటి నాలుగు మడతలు వేసుకోండి, లేకపోతే మోకాళ్ళకు హాయి అన్నది సగమే నిజం. పీట కాళ్ళు మడతపెట్టే బందులు నాసిరకం. కుడి కాలి కింద రబ్బరు బిళ్ళ రెండో నెలలోనే ఊడిపోయింది. ఎడమ బందు కిర్రుమంటుంది, బరువు ఒక పక్కకు మారితే చాలు.

ఆ కిర్రే నన్ను పట్టిచ్చింది. స్తుతి చేసేటప్పుడు చప్పుడు లేదు. పిల్లల కోసం, రోగుల కోసం అడిగేటప్పుడు లేదు. చెల్లి పేరు రాగానే కిర్రు. మొదట పట్టించుకోలేదు. నాలుగైదు రోజులు వరసగా అదే చోట వినపడేసరికి కళ్ళు తెరిచి కూర్చున్నాను.

అమ్మ మంచం పట్టినప్పుడు చూసుకున్నది నేనే. చెల్లి నెలకోసారి వచ్చి పోయేది. అమ్మ పోయి పదకొండేళ్ళు. అప్పటి నుంచి రోజూ నా ప్రార్థన ఒకటే: "ప్రభువా, దాని మనసు మార్చు, దాన్ని తగ్గించు." బైబిల్లో లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే యూదుడు, వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదోవంతు అని లెక్క చెప్పి, "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు" దేవునికి కృతజ్ఞతలంటూ, పన్నులు వసూలు చేసే సుంకరి వైపు వేలు చూపిస్తాడు కదా. మా చర్చి స్త్రీల కూడికలో ఆ భాగం ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆ పరిసయ్యుడికి మా చెల్లి ముఖమే తగిలించుకున్నాను.

అదే కథలో ఇంకోటి చూడండి. సుంకరి మోకరించలేదు. దూరంగా నిలబడి, తలెత్తే ధైర్యం లేక, రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. ఇద్దరూ నిలబడే ఉన్నారు. క్రీ.శ. 325లో క్రైస్తవ సంఘ పెద్దలు కూడిన నైసియా మహాసభ అయితే ఆదివారాల్లో, పెంతెకొస్తు దినాల్లో (ఈస్టరు నుంచి యాభై రోజులు) మోకరించవద్దు, నిలబడే ప్రార్థించండి అని 20వ నియమంగా రాసిపెట్టింది. అది చదివిన రోజు నా కాయల వైపు చూసుకుంటే, నిజం చెప్పాలంటే, కొంచెం కోపమే వచ్చింది.

పాపం అన్న మాటకు నేను కూడికలో చెప్పే అర్థం "గురి తప్పడం". ఆ అర్థం తప్పేమీ కాదు. బైబిల్లోనే న్యాయాధిపతులు 20లో ఎడమచేతి వాటం గల 700 మంది వడిసెల వీరులు వస్తారు. తలవెండ్రుకను గురిపెట్టినా తప్పిపోనివాళ్ళు. ఆ "తప్పడం", హెబ్రీలో పాపం చేయడం, ఒకే క్రియ. బాగుంటుంది, వినేవాళ్ళకు ఎక్కుతుంది. కానీ గురి తప్పడం అంటే చెయ్యి జారినట్టు వినిపిస్తుంది. అయ్యో పాపం, ప్రయత్నించింది, తగల్లేదు, అంతే అన్నట్టు. 51వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు మూడు మాటలు వాడాడు: అతిక్రమములు, దోషము, పాపము. మొదటి మాటకు హెబ్రీలో తిరుగుబాటని అర్థం, రెండోదాంట్లో వంకరపోవడం ఉంది. నేను ఎప్పుడూ మూడోదాంట్లోనే తలదాచుకున్నాను. "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు తండ్రీ" అని గుత్తగా ఒప్పేసుకుంటే ఒక్కదానికీ పేరు పెట్టక్కర్లేదు కదా.

పేరు పెట్టాల్సింది ఒకటి ఉంది. చివరి వారంలో అమ్మ "చెల్లికి ఫోన్ చెయ్యి, రమ్మను" అంది. నేను రెండు రోజులు చెయ్యలేదు. మర్చిపోలేదు. చేతిలో ఫోన్ పెట్టుకుని కూడా చెయ్యలేదు. ఇన్నాళ్ళూ రాని మనిషి ఇప్పుడొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఏడిస్తే అందరూ దాన్నే ఓదారుస్తారని. మూడో రోజు చేశాను. అది వచ్చేసరికి అమ్మకు మాట పడిపోయింది.

ఇది గురి తప్పడమా? చూసి కొట్టిన దెబ్బ. ఆ తర్వాత పదకొండేళ్ళు "చివరి దాకా చూసుకున్న పెద్దకూతురు" అని నా కథను నేనే చెప్పుకున్నాను, జనం కూడా చెప్పుకుంటుంటే వింటూ కూర్చున్నాను. దావీదు రెండో మాట అక్కడ సరిపోయింది.

పీట మీద ఏడ్చి ఒప్పుకున్నాను. ఆ పూట మనసు తేలికైంది కూడా. అప్పుడే ఇంకో ఆలోచన మొదలైంది: దీన్ని కూడికలో సాక్ష్యంగా చెబితే ఎంతమందికి మేలు! బందు మళ్ళీ కిర్రుమంది. సౌలు రాజు కూడా "నేను పాపము చేసితిని" అనే అన్నాడు, 1 సమూయేలు 15లో. ఆ వెంటనే పెద్దల ఎదుట నన్ను ఘనపరచమని సమూయేలు ప్రవక్తను అడిగాడు. చెల్లికి చెప్పకుండా యాభైమంది ముందు ఏడిస్తే నాకు దక్కేది అదే ఘనత. అదే 51వ కీర్తనలో దావీదు దేవునితో "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానన్న వచనం పట్టుకుని ఇది దేవుడికీ నాకూ మధ్య సంగతి అనుకుందామని కూడా చూశాను. మత్తయి 5 ఒప్పుకోలేదు: అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమంది.

ఫోన్ చేసి చెప్పాను. అప్పుడలా ఎందుకు చేశానో కారణాలు చెప్పకూడదని ముందే అనుకున్నాను, అయినా ఒకటి నోట్లోంచి వచ్చేసింది. చెల్లి చాలాసేపు ఏమీ అనలేదు. "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు చెప్పావక్కా?" అని పెట్టేసింది. అది జరిగి ఐదు వారాలు. మళ్ళీ చేసి "క్షమించానని చెప్పవే" అని అడగాలని రోజూ చెయ్యి లాగుతుంది. అడగడం లేదు. క్షమించడం దాని ఇష్టం, నేను వసూలు చేసుకునే బాకీ కాదు. ఇప్పుడు ప్రార్థనలో దాన్ని మార్చమనడం లేదు. పేరు చెప్పి ఊరుకుంటున్నాను, అంతకు మించి మాటలు రావడం లేదు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. బందులకు ఒకటి, బొమ్మ కాగితానికి అర తగ్గించాను. పెట్టె మీద ఆ రెండో మాట తీసేస్తే బాగుంటుందని కంపెనీవాళ్ళకు రాశాను, రబ్బరు బిళ్ళ పంపిస్తామని జవాబిచ్చారు. ఇంకా రాలేదు. వచ్చేదాకా కుడి కాలి కింద అట్టముక్క మడిచి పెట్టుకుంటున్నాను, బానే నిలబడుతోంది.