టాకోకి ఏ టోర్టియా మేలు?

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇంటి దగ్గర ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని ఐదారు టేబుళ్ల మెక్సికన్ కొట్టు ఉన్నాయి. కౌంటర్ వెనక ఒకావిడ నిమ్మకాయంత పిండిముద్ద తీసుకుని, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, ఇనుప ప్రెస్సు పిడి ఒక్కసారి నొక్కుతుంది. అరచేతి వెడల్పు బిళ్ళ వస్తుంది. కొమాల్ అనే పెనం మీద వేసి, అంచులు పెనాన్ని వదలగానే తిప్పుతుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ తిప్పి, వేలికొసలతో మెల్లగా నొక్కుతుంది. అప్పుడు పుల్కాలా పొంగుతుంది. మొక్కజొన్న పిండితో చేసే ఈ రొట్టే టోర్టియా. లోపల మాంసమో బీన్సో పెట్టి మడిస్తే అది టాకో.

పాలమూరు నుంచి వచ్చిన మా అమ్మను అక్కడికి తీసుకెళ్తే ప్లేటు వైపు చూడలేదు, పెనం వైపే చూస్తూ కూర్చుంది. "గిది మన జొన్నరొట్టె చుట్టమే బిడ్డా. చల్లగైతే గట్టిపడ్తది, జల్ది తిను" అంది. టోర్టియాల గురించి నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఆ రెండో మాటలోనే ఉంది.

ఇక్కడ టాకో మనకు నాలుగు రకాల టోర్టియాల్లో దొరుకుతుంది: అప్పటికప్పుడు కాల్చిన మొక్కజొన్నది, ప్యాకెట్లో వచ్చే మొక్కజొన్నది, మైదాది, నూనెలో వేయించి మడిచిన గట్టి షెల్.

షెల్ సంగతి త్వరగా తేల్చేస్తాను. వేయించిన టాకోలు మెక్సికోలోనూ ఉన్నాయి, కానీ ముందే మడిచి, వేయించి, పెట్టెలో పేర్చి అమ్మే షెల్ పెరిగింది అమెరికాలో. దాన్ని మడతలో ఉంచి వేయించే సాధనానికి న్యూయార్క్‌లో హోటల్ నడిపిన హువెన్సియో మాల్డొనాడోకి 1950లో పేటెంట్ వచ్చింది. 1962లో కాలిఫోర్నియాలో మొదలైన టాకో బెల్ దాన్ని ఊరూరికీ చేర్చింది. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ మొదటి కొరుకుకే నడిమికి విరిగి, లోపలిదంతా ప్లేట్లో పడుతుంది. ఆ తర్వాత ఫోర్కుతో తినాల్సిందే.

మైదా టోర్టియాను తక్కువ చేయను. స్పెయిన్ వాళ్లు గోధుమ తెచ్చాక సొనోరా, చివావా లాంటి ఉత్తర మెక్సికో రాష్ట్రాల్లో అదే ఇంటి రొట్టె అయింది. టెక్సస్ దానికి పొరుగే కాబట్టి, గుడ్డు, బంగాళాదుంప పెట్టే పొద్దుటి టాకోలకు ఇక్కడ మైదాదే వాడతారు, అది బాగా నప్పుతుంది కూడా. గోధుమకు సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి సాగుతుంది, చల్లారినా చినగదు, ఆఫీసుకు కట్టుకెళ్లొచ్చు. శాకాహారులు మాత్రం ఒక మాట అడగాలి. చాలా చోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, దాన్ని మాంతేకా అంటారు. లోపల బీన్సే ఉన్నాయి కదా అని మనవాళ్లు నిశ్చింతగా తినేస్తుంటారు.

అసలు పోటీ మొక్కజొన్న వాటి మధ్యనే. ఇంకో చోట ఒకసారి ప్యాకెట్ టోర్టియాలను సరిగ్గా వేడి కూడా చేయకుండా, రసం కారే మాంసం పెట్టి ఇచ్చారు. నోటి దాకా వెళ్లేలోపే అడుగు చినిగి, సాల్సా అనే టమాటా, మిర్చి పచ్చడి మోచేతి దాకా కారింది. కొత్త చొక్కా! మొక్కజొన్నలో గ్లూటెన్ లేదు. వేడిగా ఉన్నప్పుడు పిండిపదార్థం మెత్తగా ఉండి రొట్టెను వంగనిస్తుంది. చల్లారే కొద్దీ బిగుసుకుని, మడిచిన చోట పగులుతుంది. ప్యాకెట్లో నిలవ ఉండటానికి కలిపినవాటి పుల్లటి వాసన దీనికి అదనం. అందుకే టాకోకి ప్యాకెట్ టోర్టియా నా లెక్కలో ఆఖరిది. చిప్స్‌గా వేయించుకోవడానికీ, ముక్కలు చేసి సాల్సాలో ఉడికించే చిలకీలెస్‌కీ మాత్రం పాతబడినవే మేలు.

తాజాదాని వాసన వేరు. మొక్కజొన్నను సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. కిలో గింజలకు పది గ్రాముల సున్నం చాలు. మనం తమలపాకుకు రాసుకునేదీ అలాంటి సున్నమే. దానివల్లే పిండికి జిగురు వస్తుంది, వానకు తడిసిన మట్టిని గుర్తుచేసే ఆ వాసనా వస్తుంది. గింజలో ఒంటికి అందకుండా ఉండే నియాసిన్ అనే విటమిన్ కూడా అప్పుడే విడుదలవుతుంది. ఈ పద్ధతి లేకుండా మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ, స్పెయిన్ పేదలకు నియాసిన్ లోటుతో పెల్లాగ్రా జబ్బు వచ్చింది. జొన్నే ప్రధాన తిండి అయిన మన దక్కన్‌లోనూ అది కనిపించింది. 1960 ప్రాంతంలో హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ దాని మీద పరిశోధన చేశారు.

ఇలా గింజ నుంచి మొదలుపెట్టే హోటళ్లు తక్కువ. "చేత్తో చేసినవి" అని బోర్డు పెట్టిన చాలా చోట్ల వాడేది మసేకా లాంటి రెడీమేడ్ పిండి. అది కూడా సున్నంలో ఉడికించిన మొక్కజొన్నే, ఎండబెట్టి పొడి చేసి అమ్ముతారు. దీన్ని మోసమనేవాళ్లున్నారు, నేను అనను. గింజ నుంచి రుబ్బి చేసినా, కాల్చి గంటసేపు డబ్బాలో పెట్టిన టోర్టియా కంటే, మసేకాతో చేసినా ఇప్పుడే పెనం దిగినదే నాకిష్టం. రెండూ పెనం మీంచి నేరుగా వస్తే మాత్రం గింజదే గెలుస్తుంది. నంజుకోవడానికి ఏమీ లేకుండా ఉప్పు చల్లుకుని తిన్నా బాగుంటుంది.

తాజాదానికీ హద్దులున్నాయి. పార్సిల్‌కి పనికిరాదు, ఇంటికి తెచ్చేసరికి ఆవిరికి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. జనం ఎక్కువైతే పదిహేను నిమిషాలు నిలబడాలి. రసం ఎక్కువున్న మాంసానికి అదీ ఒక్కటి ఆగదు, అందుకే రోడ్డు పక్క కొట్లలో రెండేసి వేసి ఇస్తారు.

ఇంట్లో చేసుకోవాలంటే మన కిరాణాల్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండి కుదరదు. సున్నం పడలేదు కాబట్టి పొడిపొడిగా విడిపోతుంది. మసేకాలో గోరువెచ్చని నీళ్లు పోసి కలిపి, తడిగుడ్డ కప్పి పావుగంట ఉంచాలి. ముద్దను నొక్కినప్పుడు అంచులు పగిలితే నీళ్లు చాలలేదన్నమాట. నేను ప్రెస్సు కొంటానంటే మా అమ్మ "చేతులున్నయ్ గద" అని పీట మీద తడితడిగా తట్టడం మొదలుపెట్టింది. కొట్లో వాటికంటే కాస్త మందంగా వచ్చాయి. చికెన్ వేపుడు, పచ్చి ఉల్లిగడ్డ పెట్టుకుని పన్నెండు తిన్నాం, ఒక్కటీ చినగలేదు.