పిల్లికి నీళ్ల ఫౌంటెన్: కొనొచ్చా, వద్దా?

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి. పిల్లికేమో దాహం తొందరగా వేయదు. దాని పూర్వీకులు పొడి నేలల్లో తిరుగుతూ, వేటాడి తిన్న మాంసంలోని తేమతోనే గడిపిన జాతి. 4 కిలోల పిల్లికి రోజుకు తిండితో కలిపి సుమారు 200 మి.లీ. నీళ్లు కావాలి. పొడి గింజల్లో (డ్రై క్యాట్ ఫుడ్‌లో) ఉండే నీరు పదో వంతే. అవి మాత్రమే తిని, గిన్నె వాసన చూసి వెళ్లిపోయే పిల్లికి మూత్రం చిక్కబడి స్ఫటికాలు కట్టే ముప్పు ఎక్కువ. ఫౌంటెన్ పనికొస్తే ఇక్కడే పనికొస్తుంది.

దొరికే మోడళ్లన్నీ దాదాపు ఒకే పద్ధతి: రెండు లీటర్ల తొట్టి, అడుగున 5 వోల్టుల పంపు, పైన స్పాంజి, బొగ్గు ఫిల్టరు. ఫోన్ చార్జర్‌తోనే నడుస్తుంది, కరెంటు బిల్లులో లెక్కకు రాదు. కాస్త ఎక్కువైనా స్టీలుదే తీసుకోండి. ప్లాస్టిక్ మీద గీతలు పడి, వాటిలో సూక్ష్మజీవులు చేరతాయి. కొన్ని పిల్లులకు గడ్డం కింద నల్లటి పొక్కులు కూడా వస్తాయి. పంపు ముందు మూత ఊడుతుందా, లోపలి రెక్కల చక్రం బయటికి వస్తుందా అన్నది కొనేముందే చూడాలి. రాని మోడల్ సగం ధరకిచ్చినా దండగే.

ఎందుకంటే పాడయ్యేది అక్కడే. వెంట్రుకలు ఆ చక్రం ఇరుసుకు చుట్టుకుంటాయి, మోటారు గుర్రుమంటుంది, ధార సన్నబడుతుంది. బోరు నీళ్లు పోస్తే సున్నం పొర దీనికి తోడు. బొగ్గు ఫిల్టరు వాసనను లాగుతుందే గాని సున్నాన్ని ఆపదు. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పంపును అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు కడిగితే పోతుంది. నల్లా నీళ్లతో ఈ బెడద తక్కువ. నీళ్లు అడుగంటితే మాత్రం పంపు వేడెక్కి కాలిపోతుంది.

ఎండాకాలంలో రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, వారానికోసారి అన్నీ విప్పి తోమాలి. వేలితో తడిమితే జారుతోందంటే ఆలస్యమైనట్టే. తోమడానికి గిన్నెల సబ్బు చాలు. ఫినాయిలు, డెట్టాల్ లాంటివి వాడొద్దు, ఫినాల్ రసాయనాలు పిల్లికి విషం. కొత్త ఫిల్టరును నల్లటి పొడి పోయేదాకా కడిగి పెట్టాలి. నెల దాటితే తీసేయాలి. అసలు ఖర్చు మొదటి ధరలో కాదు, ఈ ఫిల్టర్లలోనే ఉంది.

కరెంటు పోతే కొన్ని మోడళ్లలో నీళ్లన్నీ కిందికి దిగి పై పళ్లెం ఎండిపోతుంది. అందుకని ఇంకో మూల, తిండికీ, పిల్లి మలమూత్రాలకు పెట్టే మట్టి డబ్బాకూ దూరంగా, వెడల్పు మట్టి చిప్పలో నీళ్లు ఉంచాల్సిందే. ధార కంటే నిలకడ నీళ్లే ఇష్టపడే పిల్లులూ ఉంటాయి. కాబట్టి ముందు ఒక వారం ఆ చిప్పతోనే చూడండి: పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలవాలి. పక్కనే పిల్లికి అందని చోట అంతే చిప్ప పెట్టి, అందులో ఆవిరైనంత తీసేయాలి. కూలర్ నడిచే గదిలో ఈ తేడా చిన్నదేం కాదు.

మూత్రం అడ్డుపడే ముప్పు మగవాటికే ఎక్కువ కాబట్టి, పొడి గింజలే తినే మగ పిల్లి ఉంటే కొనండి. తడి తిండి తినేదానికి అవసరం లేదు. 85 గ్రాముల పౌచ్‌లోనే దాదాపు 65 మి.లీ. నీరు ఉంటుంది, పైన రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపితే ఇంకా మంచిది.

ఉన్నట్టుండి రోజుకు ఒంటి బరువు కిలోకు 50 మి.లీ. దాటి తాగుతుంటే అది ఫౌంటెన్ గొప్పతనం అనుకోవద్దు. కిడ్నీ, షుగర్, థైరాయిడ్ కోసం రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. మగ పిల్లి మట్టి డబ్బాలో ముక్కుతూ కూర్చుని చుక్క కూడా పోయకపోతే, నీళ్లు తాగించే ప్రయత్నాలు మాని ఆ గంటలోనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మూత్రం అడ్డుపడితే రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోతుంది.