మేడకు బియ్యం ఎక్కించే నాలుగు చక్రాల గిలక: ఏళ్ల వాడకం తర్వాత

విశాఖ వన్ టౌన్‌లో మాది కర్రీ పాయింట్. కింద కొట్టు, రెండో అంతస్తులో వంట. మెట్లు ఎంత ఇరుకంటే ఎవరైనా ఎదురొస్తే ఒకరు వెనక్కి దిగాల్సిందే. అందుకే 2019 నుంచి బియ్యం, ఉల్లిపాయలు, నూనె డబ్బాలు అన్నీ మేడ మీది ఇనప దూలానికి కట్టిన గిలకతోనే ఎక్కిస్తున్నాం. మీరూ కొనాలనుకుంటే ఒంటి గిలక వద్దు. పైన రెండు చక్రాలు, కింద రెండు చక్రాలు ఉన్న జత తీసుకోండి.

ఒంటి గిలక బరువు తగ్గించదు, తాడును కిందికి లాగే వీలు మాత్రం ఇస్తుంది. 25 కిలోల బస్తాకు 25 కిలోల బలమూ పెట్టాలి. పైగా బస్తా బరువు, మన లాగుడు కలిసి హుక్కు మీద 50 కిలోలు పడతాయి. జతలో అయితే ఆ బరువును నాలుగు వరసల తాడు పంచుకుంటుంది. లెక్క ప్రకారం ఆరుంపావు కిలోలు చాలు, రాపిడి వల్ల ఎనిమిది దాకా పడుతుంది. అరవై దాటిన మా అమ్మ కింద నిలబడి ఒక్కతే లాగేస్తుంది, నేను పైన అందుకుంటాను. బస్తా మీటరు లేవాలంటే తాడు నాలుగు మీటర్లు లాగాలి కాబట్టి తొందరలో విసుగే. అయినా నడుం నొప్పి కంటే నయం.

విశాఖలో ఉప్పు గాలి దేన్నీ వదలదు. ముందు కొన్న ఇనప గిలక ఒక్క వానాకాలానికే ఇరుసు దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చక్రం తిరగక తాడు గాడిలోనే ఒరుసుకుని పీచులు లేచింది. తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తెచ్చాం. రేటు ఎక్కువే గానీ ఇప్పటికీ వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగి, ఆరాక ఇరుసులో రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేస్తాం. తాడు గాడికి సరిపోవాలి: లావైతే అంచులకు రాసుకుంటుంది, సన్నదైతే చక్రం పక్కకు జారి ఇరుక్కుంటుంది. చవక ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది, కొనకండి.

పెద్ద లోటు, దీనికి బ్రేకు లేదు. చెయ్యి వదిలితే బస్తా కిందికే. అందుకే కింద గోడకు కొక్కెం బిగించాం, బస్తా పైకి చేరగానే అమ్మ తాడు దానికి చుట్టేస్తుంది. తాడు చేతికి మాత్రం చుట్టుకోకూడదు, బస్తా కింద ఎవరూ నిలబడకూడదు. గ్యాస్ బండను ఇప్పటికీ మెట్ల మీదే మోయిస్తాం. నున్నగా, గుండ్రంగా ఉండే బండను అంత ఎత్తున తాడుకు వేలాడదీయడం నాకు ఇష్టం లేదు.