తిత్లీ తుపానుకు కొన్న పెట్రోలు రంపం: ఏడేళ్ల వాడకం తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి తోటలోకి వెళితే నిలబడ్డ కొబ్బరి చెట్ల కంటే పడుకున్నవే ఎక్కువ కనిపించాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచి అడ్డం పడ్డాయి. ఆ నెలంతా ఉద్దానంలో ఎవరి తోట చూసినా ఇదే తంతు. కోత మనుషులు దొరకలేదు. దొరికిన ఒకరిద్దరు చెప్పిన రేటు వింటే చెట్టు అలాగే ఉంచేద్దాం అనిపించింది. అప్పుడు 8 వేలు పెట్టి ఈ రంపం తెచ్చాను. చైనా తయారీ, 58 సీసీ, 20 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే ఇనుప పట్టీ). కంపెనీ పేరున్న స్టిక్కర్ రెండో ఏడాదికే చెరిగిపోయింది కాబట్టి పేరు అడగొద్దు.

పడిన చెట్లు ఏడాదిలో అయిపోయాయి. ఆ తర్వాత నుంచి ఇంటి వంటచెరకు పనికే వాడుతున్నాను. మాకు గ్యాస్ ఉంది గాని స్నానాల నీళ్లు, పండగ వంటలు, అమ్మ అన్నం కట్టెల పొయ్యి మీదే. సరుగుడు, జీడి, అప్పుడప్పుడు వేప, చింత.

ముందు స్టార్టింగ్ సంగతి. చల్లగా ఉన్న ఇంజిన్‌కి పెట్రోలు లాగే ప్రైమర్ బుడ్డ ఐదారు సార్లు నొక్కి, చోక్ లాగి, తాడు లాగాలి. మూడో లాగుకో నాలుగో లాగుకో ఒకసారి దగ్గినట్టు చప్పుడు వస్తుంది. వెంటనే చోక్ తీసేయాలి. ఆ దగ్గు పట్టించుకోకుండా లాగుతూ పోతే ప్లగ్ తడిసిపోతుంది, ఇక భుజం పడిపోయినా స్టార్ట్ కాదు. మొదటి నెలంతా నేను చేసింది అదే. రంపం పాడైందని షాపుకి రెండుసార్లు మోసుకెళ్లాను. మెకానిక్ నా ముందే మూడు లాగుల్లో స్టార్ట్ చేసి, ఏమీ అనకుండా నవ్వాడు.

నాకు నిజంగా ఖర్చు తెచ్చింది పెట్రోలు. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. దీనికి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపాలి. కలపడం కష్టం కాదు, మిగిలింది ట్యాంకులో వదిలేయడమే తప్పు. ఒక వర్షాకాలం అంతా అలాగే మూల పడేశాను. దసరాకి తీస్తే పెట్రోలు పైపు ఎండిన తీగలా పెళుసుబారింది, కార్బొరేటర్‌లో జిగురు పేరుకుంది. రెండూ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు తేమ సంగతి చెప్పక్కర్లేదు. పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా తిప్పి పెడుతున్నాను. మళ్లీ కార్బొరేటర్ జోలికి వెళ్లలేదు.

ఇక పదును. నా చైన్‌కి 38 పళ్లు, 19 ఇటు, 19 అటు. 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నును లోపలి నుంచి బయటికి మూడు తోపులు తోయాలి. వెనక్కి రుద్దకూడదు. ఒకవైపు పళ్లన్నీ అయ్యాక రంపం తిప్పి రెండో వైపు. అంతా కలిపి పావుగంట. పదును పోయిందో లేదో రాలే పొట్టు చెబుతుంది. పదునుంటే కొబ్బరి కోరులా రాలుతుంది, మొండిబారితే పిండిలా. పిండి రాలుతున్నా రంపాన్ని నొక్కి కోస్తే బార్ వేడెక్కి పొగ వస్తుంది. మాది ఇసుక నేల. చైన్ నేలకి ఒక్క క్షణం తగిలినా ఆ పదును పోయినట్టే. అందుకే దుంగ కింద ఎప్పుడూ ఒక కొబ్బరి మొద్దు ముక్క వేస్తాను. కొబ్బరి మొద్దును కోయడమూ చైన్‌కి మంచిది కాదు. పైన ఇనుములా ఉంటుంది, లోపల పీచు. అంత కష్టపడి కోసినా సరుగుడులా మండదు.

చైన్ రాపిడి తగ్గించే బార్ ఆయిల్‌కి బదులు బైకులోంచి తీసిన నల్ల ఆయిల్ పోసేవాళ్లు మా ఊళ్లో చాలామంది. రెండేళ్లు నేనూ పోశాను. అందులో ఉండే ఇనుప రజను బార్ గాడిని తినేసింది. కొత్త బార్ కొన్నప్పటి నుంచి కొత్త ఆయిలే పోస్తున్నాను.

ఒక అనుభవం చెప్పాలి. జీడి మాను ఒకటి రెండు చివర్లా ఆనుకుని, మధ్యలో గాలిలో ఉంది. పైనుంచి కోస్తూ పోయాను. సగం దాటగానే మాను కిందికి కుంగి బార్‌ని పట్టేసింది. ఇంజిన్ ఆపి గంటసేపు గొడ్డలితో పక్కన నరుకుతుంటే మా బావ గట్టు మీద నిలబడి, "ఏటి బావా, రంపం ఉన్నోడివి, గొడ్డలెందుకేటి?" అన్నాడు. అలాంటి మానుకి పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి పైకి కోయాలని ఆ రోజు తెలిసింది. బార్ ముక్కు దేనికైనా తగిలితే రంపం ముఖం మీదికి ఎగురుతుందన్నది మాత్రం ఇంకో రోజు తెలిసింది. చైన్‌ని ఆపే బ్రేక్ పడింది కాబట్టి ఇది రాస్తున్నాను. లుంగీ, హవాయి చెప్పులతో రంపం పట్టుకోవడం అప్పటితో మానేశాను.

కోత పూర్తయితే పని అయిపోయిందనుకుంటాం. అసలు నడుము విరిగేది చీల్చడంలో. మా పాత గొడ్డలి పలచన, దుంగలో దిగి ఇరుక్కుపోయేది. కమ్మరి దగ్గర పాత లారీ ఇరుసు ముక్కతో ఇనుప చీల చేయించాను. దాన్ని అంచున పెట్టి సమ్మెటతో కొడితే పొరలుగా విడిపోతుంది. నడిమధ్యన మొదలుపెడితే రోజంతా అక్కడే. పచ్చి సరుగుడు సులువుగా చీలుతుంది, ఎండితే రాయి. చింత చేవ అయితే చీల దిగ్గొట్టినా పగుళ్లివ్వదు, దాన్ని పిల్లలు కూర్చోవడానికి వదిలేశాను. పాత స్కూటర్ టైరులో దుంగ నిలబెట్టి కొడితే ముక్కలు ఎగిరి పడవు, ఒంగి ఏరుకోవక్కర్లేదు. ఈ చిట్కా ఒక్కటి ముందే తెలిసుంటే బాగుండేది.

నిల్వ దగ్గర అమ్మకీ నాకూ రెండేళ్లు గొడవ. తడుస్తాయని ఆమె దొంతర చుట్టూ టార్పాలిన్ కప్పేది. తీసి చూస్తే బూజు. పైన మాత్రం రేకు, పక్కలు గాలికి వదిలేయాలన్నది నా వాదన. చివరికి రెండు దొంతరలు పేర్చి ఎవరిది వాళ్లం చూసుకున్నాం. ఆ ఏడాది సంక్రాంతికి పొయ్యే తీర్పు చెప్పింది. అమ్మ దాని గురించి ఇప్పటికీ మాట్లాడదు. మొదట గోడకి ఆనించి పేర్చినవాటి చెదలు పెరటి గుమ్మం దాకా వచ్చాయి. ఇప్పుడు గోడకి మూరెడు దూరంలో, కింద కొబ్బరి మొద్దులు అడ్డంగా వేసి పేరుస్తున్నాను. సంక్రాంతి తర్వాత కోసి చీల్చి, ఎండలన్నీ తినిపించి, మృగశిర కార్తె లోపు పాకలోకి చేరుస్తాం. ఎండిన కట్టె చివర బీటలు తీస్తుంది, రెండింటిని తాటిస్తే ఖణేల్‌మంటుంది. పచ్చిది దబ్‌మంటుంది. తీసేటప్పుడు ముందు కర్రతో నాలుగు తట్లు తట్టాలి. తేళ్లకీ పాములకీ అంతకంటే మంచి ఇల్లు లేదు.

ఇప్పుడు మళ్లీ కొనాలంటే ఇంత పెద్దది కొనను. ఇంటి కట్టెలకి 16 అంగుళాల బార్ చాలు, బరువూ తగ్గుతుంది. గంట కోస్తే చేతులు ఇంకో గంట తిమ్మిరెక్కి ఉంటున్నాయి. చైన్లు, ప్లగ్గులు దగ్గరి టౌన్లో దొరికే రకమేనా అన్నది ధర కంటే ముందు చూస్తాను.

ఈ వారం రంపం ఇంట్లో లేదు. పనసచెట్టు కొమ్మ తీయాలని బావ పట్టుకెళ్లాడు. ఆకురాయి కూడా ఇచ్చి, తెచ్చేటప్పుడు పదును పెట్టి తెమ్మన్నాను. పెట్టడని తెలుసు.